రెండు కవర్లు, ఒకే తప్పు

(‘మేకు దిగే వేళ’ నవల, పద్నాలుగో భాగం)

పోయిన వారం మనం చిట్టిని లేజర్ గదిలో, అన్నం డబ్బా ముందు, నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, ఆ ముద్ద ఇంకా గొంతు దిగలేదు. దిగేలోపు జరిగింది ఒకసారి చెప్పుకుందాం.

అరిగిపోయిన చెప్పు ఆకారంలో ఉన్న రాయి ఒకటి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది. కాగితాల్లో దానికి పొడుగాటి నంబరు ఉంది గానీ, ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ దాన్ని ‘చెప్పు’ అనే అంటారు. పదకొండేళ్ల శ్రమతో తయారై, నాలుగేళ్లు ప్రయాణం చేసి అక్కడికి చేరిన నౌక, రేపు మధ్యాహ్నం ఆ చెప్పు మడమ మీద ఒక చిన్న యంత్రాన్ని జారవిడవాలి. మూడు కాళ్లున్న ఆ యంత్రం ముద్దుపేరు ముక్కాలిపీట. అరవై మీటర్ల ఎత్తు నుంచి అది నింపాదిగా, పావుగంట పైచిలుకు సేపు పడుతుంది. నేల తగిలే వేళకి దాని కడుపులోంచి ఒక మేకు దూసుకొచ్చి రాతిలో దిగాలి. దిగకపోతే పీట తగిలినచోట తగిలినట్టే ఎగిరి ఆకాశంలోకి పోతుంది, మళ్లీ చేతికి చిక్కదు. నేల తగిలిందని చెప్పాల్సిన మీట దారిలోనే మొరాయించింది. అందుకని మేకు ఏ సెకనులో దిగాలో ఇక్కడే లెక్కగట్టి పైకి పంపాలి. ఆ లెక్కంతా ఒక్క అంకె మీద నిలబడింది. మడమ దగ్గర ఆ రాయి ఎంత గట్టిగా లాగుతుంది అన్నదే ఆ అంకె.

దాన్ని రెండు గదుల వాళ్లు వేర్వేరుగా కట్టారు. రెండో అంతస్తులో చిట్టి ఉన్న లేజర్ గది. మూడో అంతస్తులో రేడియో గది. ఆ రేడియో గదికి పెద్ద ఎవరో కాదు, చిట్టి సొంత అక్క మొగుడు, ఆఫీసంతా తూకం మాస్టారని పిలిచే బావ. చిట్టి ఉండేది కూడా వాళ్లింట్లోనే. నలభై రోజులు ఒక గది లెక్క ఇంకో గదికి తెలియకూడదు. ఆఫీసులో భోజనాల వేళలు కూడా వేరు. చివర్న ఎవరి అంకె వాళ్లు కవరులో పెట్టి, అతికించి, అతుకు మీద సంతకం చేసి, ఈ పనంతటికీ పెద్ద అయిన మేడం చేతికివ్వాలి. మొన్న సోమవారం మేడం రెండు కవర్లూ విప్పింది. చిట్టి కవరులో నూట పద్దెనిమిది పాయింట్ నాలుగు. బావ కవరులో నూట పద్దెనిమిది పాయింట్ ఆరు. చప్పట్లతో గది దద్దరిల్లింది.

ఈరోజు గురువారం. మ్యాపు గది తరఫున వచ్చి పక్క సీటులో కూర్చునే మ్యాపులావిడ డబ్బా మూత తీస్తూ మాటల మధ్యలో ఒక మాట అంది. దాంతో తన అంకె తప్పని చిట్టికి తెలిసిపోయింది. తెలిసిన మరుక్షణం ఇంకో ప్రశ్న వచ్చి ఎదురుగా కూర్చుంది. నాది తప్పయితే, బావకి కూడా అదే అంకె ఎలా వచ్చింది?

అక్కడ ఆగాం. ఇక పదండి.

ముద్దని నీళ్లతో మింగేసి, డబ్బా మూసి, చిట్టి మళ్లీ లెక్క తీసింది. ఆ తప్పు చాలా చిన్నది. చిన్నది కాబట్టే తల ఎత్తుకోలేని సిగ్గు. ఈ కొలత కోసమే నౌక ఇంజన్లు ఆపేసి, గంటసేపు దాన్ని మడమ మీదకి ఊరికే పడనిచ్చారు కదా, అప్పుడు సెకనుకొకసారి లేజర్ వెలుగు కిందికి వెళ్లి, నేలకి తగిలి తిరిగొచ్చింది. వెళ్లిరావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. దూరం ఎంత త్వరత్వరగా తరిగితే రాయి అంత గట్టిగా లాగుతున్నట్టు. ఇంతవరకు గొడవ లేదు. కానీ నౌక నిటారుగా పడలేదు, కాస్త పక్కకి జరుగుతూ పడింది. ఆ జరిగిన వైపు నేల పల్లంగా ఉంది. పైన నౌక దిగుతుంటే కింద నేల కూడా దిగిపోతోందన్నమాట. కాబట్టి లేజర్‌కి కనిపించిన తరుగుదల అసలు పడినదానికంటే తక్కువ. ఆ వాలు ఎంతో అంతా కలపాలి.

చిట్టి కలిపాననే అనుకుంది. మ్యాపు గదివాళ్లు ఎత్తులు రాస్తారు, అందుకని పల్లానికి మైనస్ పెడతారు. లేజర్ గదివాళ్లు దూరాలు రాస్తారు, వాళ్లకి పల్లం ప్లస్ అవుతుంది. మ్యాపు గది నుంచి వచ్చిన పట్టీని ఉన్నదున్నట్టు తన లెక్కలో పోసేసింది ఈ మహాతల్లి. మైనస్‌ని కలిపితే ఏమవుతుందో పదేళ్ల పిల్లనడిగినా చెబుతుంది. “మా వాళ్లకి పల్లమంటే ఎప్పుడూ మైనస్సే కదమ్మా” అని మ్యాపులావిడ ఎంతో మామూలుగా అన్న మాట అది.

గుర్తు మార్చి మూడుసార్లు కట్టింది. మూడుసార్లూ నూట ముప్పై రెండున్నరే. అంటే రాయి అనుకున్నదానికంటే గట్టిగా లాగుతోంది. అనుకున్నదానికంటే యాభై అయిదు సెకన్ల ముందే పీట నేల తాకుతుంది. యంత్రం కట్టినవాళ్లు అటూ ఇటూ ఇరవై సెకన్ల వెసులుబాటు ఇచ్చారు, అంతకు మించి కుదరదన్నారు. మేకు దూసుకొచ్చే వేళకి పీట ఎప్పుడో ఎగిరి, పట్టుకోవడానికి ఏమీ లేని చోట తేలుతూ ఉంటుంది.

పోనీ వారం ఆగుదామా అంటే, వచ్చే వారానికి చెప్పు సూర్యుడి చాటుకి వెళ్లిపోతుంది. అది ఇవతలికి వచ్చేసరికి నౌకలో ఇంధనం మిగలదు. మేకు వేళ ఇంత అని ఆదేశం పైకి వెళ్లేది ఈ సాయంత్రం ఆరింటికి. గోడ గడియారంలో టైము రెండుంపావు.

తిన్నగా మేడం దగ్గరికి పోయి, తప్పు జరిగిందని చెప్పేస్తే అయిపోయేది. తన తప్పు ఒప్పుకోవడానికి చిట్టి వెనకాడే మనిషి కాదు. కానీ ఆ మాట నోరు జారిన మరుక్షణం మేడం కూడా అదే ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్నకి జవాబు మూడో అంతస్తులో ఉంది. చిట్టి కాగితం మడిచి, మెట్లెక్కింది. నలభై రోజులుగా ఎక్కని మెట్లవి. ఇప్పుడు ఎవరూ ఆపరు.

బావ గది తలుపు భుజంతో నెడితే గానీ తెరుచుకోదు. లోపల మూడు తెరలు, ఒక పాత ఫ్లాస్కు, కిటికీ పక్కన గాలి లెక్కలు రాసుకునే పొడుగాటి పుస్తకం. బావ కళ్లద్దాలు నుదుటిమీదకి తోసుకుని, రేపు విలేకరులకి చూపించాల్సిన బొమ్మకి రంగులు సరిచేస్తున్నాడు.

“రావే చిట్టీ, నూరేళ్లు నీకు. ఇప్పుడే అనుకున్నా. ఇది చూడు, ఎర్ర గీత నీది, నీలం గీత నాది. ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి, ఏది ఎవరిదో నాకే తెలియట్లేదు. పసుపు పెట్టనా దీనికి?”

“తలుపేస్తున్నా బావా.”

ఆ గొంతు విని ఆయన కుర్చీ ఇటు తిప్పాడు. “ఏమైంది? అక్కకి బాగానే ఉందా?”

“అక్క బాగుంది. నా అంకే బాగాలేదు. తప్పు కట్టాను.”

బావ నవ్వాడు. “నీకు ఇది మామూలేగా. ప్రతి పరీక్ష రాసొచ్చి తప్పాననే ఏడ్చేదానివి, తీరా చూస్తే తొంభైలు. కూర్చో, టీ పోస్తాను.”

చిట్టి కూర్చోలేదు. కాగితం ఆయన ముందు పెట్టింది. కళ్లద్దాలు కిందికి దించుకుని, వేలితో ఒక్కో వరుస తడుముతూ చదివాడు. చదువు చెప్పే మనిషి కదా, నాలుగో వరుసలో ఆ వేలు ఆగిపోయింది. ఆగిన చోటే రెండుసార్లు తట్టింది.

“ప్లస్ ఉండాలి” అన్నాడు నెమ్మదిగా.

“ప్లస్సే.”

“గుర్తులు చూసుకో, గుర్తులు చూసుకో అని ఎన్నిసార్లు చెప్పానే! వంటింటి బల్ల మీద అగ్గిపుల్లలు పేర్చి మరీ చెప్పానే!”

“చెప్పావు. తిట్టు, పడతాను. ఆ తర్వాత నాకొకటి చెప్పు బావా.” “నీ లెక్కలో లేజర్ లేదు. మ్యాపు లేదు. వాలు లేదు. రాయి లాగుతుంటే నౌక రేడియో గొంతు ఎంత మారిందో అదొక్కటే నువ్వు వింటావు. మరి నేను గుర్తు తప్పు పెడితే వచ్చిన అంకె నీ కవరులోకి ఎలా వచ్చింది?”

బావ ఫ్లాస్కు అందుకున్నాడు. మూత తిప్పాడు. పోయకుండానే మళ్లీ బిగించాడు.

“కాకతాళీయంగా కలిసుంటాయి.”

“పాయింట్ దాకానా?”

“అలాంటివి జరుగుతాయి.”

“పదో తరగతిలో నా వెనక బెంచీ పిల్ల నా పేపరు చూసి రాసింది, గుర్తుందా? రైటు జవాబులు చూసి ఎవరూ పట్టుకోలేదు. మా ఇద్దరికీ ఒకే లెక్కలో ఒకే తప్పు వచ్చింది, అక్కడ దొరికిపోయాం. ఆ రోజు స్కూలుకొచ్చి, మా మరదలు చూసి రాసే రకం కాదని హెడ్మాస్టరు ముందు నిలబడింది నువ్వే.” ఆ పైన అనాల్సింది అనడానికి చిట్టికి నోరు రాలేదు. అనక తప్పలేదు. “నువ్వు చూసి రాశావా బావా?”

కిటికీ బయట ఎవరో బండి స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు. బావ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అవి లేకపోతే ఆయన పదేళ్లు పెద్దవాడిలా కనబడతాడు.

“నేను నీ పుస్తకం ముట్టుకోలేదు” అన్నాడు.

“మరి?”

“నువ్వొక ఆదివారం లెక్కల పుస్తకం ఇంటికి తెచ్చుకున్నావు. ఇస్త్రీ బల్ల మీద వదిలేసి స్నానానికి వెళ్లావు.”

ఆ ఆదివారం చిట్టికి బాగా గుర్తుంది. పుస్తకం గడప దాటించకూడదని తెలిసి తెలిసి, ఒక్క పూటే కదా అనుకుని తెచ్చింది.

“మీ అక్క బట్టలు మడుస్తూ చూసింది. నేను అప్పటికి పది రోజులుగా నిద్రపోవట్లేదు. ఆ గాలివానల్లో నౌక రేడియో వినే మన పెద్ద డిష్ ఊగిపోయిందిగా, ఏ రోజు కొలత నమ్మాలో ఏది వదలాలో తేలక పిచ్చెక్కిపోతోంది. ముప్పై ఏళ్లు ఇదే పని చేశాను, మొదటిసారి నా అంకె నాకే నచ్చలేదు. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అది చూడలేకపోయింది. ‘చిట్టి పుస్తకంలో ఇలా ఉంది, మీకేమైనా పనికొస్తుందా’ అని అంకె చెప్పింది.” బావ గొంతు తగ్గింది. “నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు.”

“దాన్ని తీసుకెళ్లి కవరులో పెట్టేశావు.”

“అలా పెట్టలేదే! అలా పెట్టుంటే దొంగనని తెలిసుండేది నాకు.” ఆయన చెయ్యి గాలి లెక్కల పుస్తకం మీద పడింది. “గాలి ఎక్కువున్న రోజుల కొలతలు తీసేయాలి. ఏ రోజులు తీసేయాలో తేల్చాల్సింది నేను. నీ అంకె చెవిన పడ్డాక, దానికి దూరంగా లాగే రోజులన్నీ నాకు గాలి రోజుల్లాగే కనబడ్డాయి. ఒక్కోటి తీస్తూ పోయాను. ప్రతిదానికీ ఒక కారణం రాశాను, చదివితే నీకూ సబబుగానే ఉంటుంది. చివరికి నీ అంకె దగ్గరికి వచ్చి ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. అబద్ధమాడుతున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు చిట్టీ.”

చిట్టికి కోపం, ఏడుపు ఒకేసారి తన్నుకొచ్చాయి. నాన్న పోయిన ఏడు, లెక్కల్లో తప్పి మూలన కూర్చున్న పద్నాలుగేళ్ల పిల్లని లేపి, పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఉద్యోగం దాకా నడిపించిన మనిషి ఈయన. నీకు వచ్చిందే రాయి, రానిది వచ్చినట్టు రాయకు అని వంద సార్లు చెప్పిన మనిషి. ఆయన్ని కడిగి పారేయాలనీ అనిపించింది, ఆ చెయ్యి పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేక నిలబడిపోయింది.

అప్పుడు తట్టింది ఆమెకి.

“బావా, అక్క చెప్పకముందు నీకేం వచ్చింది?”

“ఇప్పుడవన్నీ ఎందుకు? ఆ ఫైలు తుడిచేశాను.”

“ఫైలు పోతే పోనీ, అంకె గుర్తుంటుందిగా. గాలి రోజులు తీయకముందు, నీ అంతట నువ్వు కట్టినప్పుడు ఎంత? నాది తప్పని ఇప్పుడు తెలిసింది. నీది మొదట్లో కరెక్టుగానే వచ్చిందేమో! చెప్పు, నీ కాళ్లు పట్టుకుంటాను.”

ఆయన కళ్లు బల్ల మీదున్న చిట్టి కాగితం దగ్గరే ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

“నూట ముప్పై రెండు” అన్నాడు. “ముప్పై రెండూ చిల్లర.”

చిట్టి కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపులో సంతోషమే ఎక్కువ. “నిజం నీ చేతిలోనే ఉంది కదా బావా! నన్ను చూసి పారేసుకున్నావా?”

“నేను నేర్పిన పిల్ల తప్పు చేయదనుకున్నాను” అన్నాడు బావ. ఆ మాట మాత్రం ఆయన కడుపులోంచి వచ్చింది.

ఆ తరవాత వాళ్లిద్దరూ చాలాసేపు కిందామీదా పడ్డారు. మేడంకి చెబితే బావ ముప్పై ఏళ్ల పేరు ఒక్క పూటలో మట్టికొట్టుకుపోతుంది. చెప్పకపోతే పీట పోతుంది. వేరే ఏదో సాకు చెప్పి అంకె మార్పిద్దామని ఒకసారి అనుకున్నారు. ఏ సాకూ నిలబడలేదు. నాలుగున్నరకి బావ లేచి చొక్కా సర్దుకున్నాడు.

“పద. చూసి రాశానని నేనే చెబుతాను. ఉద్యోగం తీసేస్తే తీసేయనీ. మీ అక్క పేరు మాత్రం ఎత్తకు. నీ పుస్తకం నేనే చూశానంటాను.”

చిట్టి మాటిచ్చింది.

మేడం గది కింది అంతస్తులో, నడవా చివర ఉంటుంది. మనిషి పొట్టి, కుర్చీ పెద్దది. ఆ కుర్చీలో ఆవిడ కాళ్లు నేలకి ఆనవని ఆఫీసులో అందరూ చాటుగా నవ్వుకుంటారు గానీ, ఆవిడ ఎదురుగా నిలబడినప్పుడు ఎవరికీ నవ్వు రాదు. ఆవిడ ముందు సాయంత్రం పంపాల్సిన ఆదేశం కాగితం, పక్కన మూత తీసిన పెన్ను.

బావ చెప్పాడు. చిట్టి చెప్పింది. మేడం మధ్యలో ఒక్క మాటకీ అడ్డం రాలేదు. అరిస్తే బాగుండుననిపించింది చిట్టికి.

“మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, వేర్వేరు గదుల్లో వేయాలా వద్దా అని నేను నాలుగు రోజులు ఆలోచించాను” అంది మేడం చివరికి. “మిమ్మల్ని పిలిచి, నమ్మొచ్చా అని అడిగాను. మీరేమన్నారు మాస్టారూ?”

“నమ్మండన్నాను.”

“నువ్వేమన్నావు?”

“నేనూ అదే అన్నాను మేడం.”

మేడం తలూపింది. “సరే, దాని సంగతి రేపటి తరవాత చూద్దాం. ఇప్పుడు నాకు ఆరింటికి పంపడానికి అంకె కావాలి. దిద్దిన లెక్క నూట ముప్పై రెండున్నర అంటున్నావు. మాస్టారి మొదటి లెక్క కూడా నూట ముప్పై రెండే అంటున్నారు. బాగుంది. ఒక్కటి చెప్పండి. ఇందాక ఆ గదిలో అంకె ముందు ఎవరు బయటపెట్టారు?”

చిట్టికి ప్రశ్న అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

“నేనే మేడం. నా కాగితం ఆయన ముందు పెట్టాను.”

“ఆ తరవాత ఆయన చెప్పారు.”

“అవును.”

“అంటే సోమవారం రెండు కవర్లు ఒకటయ్యాయని చప్పట్లు కొట్టాం. ఇవాళ రెండు నోళ్లు ఒకటయ్యాయి. తేడా ఏంటమ్మాయ్?” ఆవిడ గొంతులో వెటకారం లేదు, అలసట ఉంది. “మాస్టారి పాత అంకె నువ్వు చెప్పకముందే చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పు. ఒక్క మనిషి చాలు. లేకపోతే నేను ఏ ధైర్యంతో సంతకం పెట్టను?”

చిట్టి బావ వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తల ఆడించాడు. ఇచ్చిన మాట గుర్తుచేస్తున్నాడనుకుంది. అక్కని ఈ రొచ్చులోకి లాగొద్దని ఆయన తాపత్రయం. మంచివాడు. కానీ ఆయన పాత అంకె నిజమని నిలబెట్టగలిగింది లోకం మొత్తంలో అక్క ఒక్కతే. అచ్చాఫీసులో పదిహేనేళ్లుగా ప్రూఫులు దిద్దే మనిషి, ఒకసారి కంటబడిన అంకె ఆమె బుర్రలోంచి పోదు. బావని కనీసం ఈ ఒక్క విషయంలోనైనా నిర్దోషిగా బయటపడేయాలంటే మాట తప్పక తప్పదు.

“అక్కకి తెలుసు మేడం.”

“చిట్టీ!” బావ అరుపుకి మేడం కూడా ఉలిక్కిపడింది.

“క్షమించు బావా. నీ మంచికే.” చిట్టి గబగబా చెప్పేసింది. ఇస్త్రీ బల్ల, పుస్తకం, వంటింట్లో ఏడుపు, అన్నీ.

మేడం ఫోను ముందుకి జరిపింది. “నంబరు నొక్కు. స్పీకర్ పెట్టు. ఒక్కటే ప్రశ్న అడగాలి, ఏ అంకె కూడా నీ నోట రాకూడదు. మాస్టారూ, మీరు కూర్చోండి.”

బావ కూర్చోలేదు. గోడకి ఆనుకున్నాడు.

మూడో మోతకి అక్క ఎత్తింది. వెనక అచ్చుయంత్రం టకటకలాడుతోంది. “ఏంటే, ఈ టైములో? డబ్బా మర్చిపోయావా మళ్లీ?”

“అక్కా, ఒకటి అడుగుతాను, గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పు. నా పుస్తకంలో అంకె నువ్వు బావకి చెప్పావే, ఆ రోజు. దానికి ముందు బావ కాగితం మీద ఏముంది?”

యంత్రం చప్పుడు దూరమైంది. అక్క పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకున్నట్టుంది.

“పక్కన ఎవరున్నారు?”

“బావ. మేడం.”

అక్క గట్టిగా ఊపిరి తీయడం స్పీకర్లో వినబడింది. “నా వల్లేనా?”

“అమ్మా, మీరు ముందు అంకె చెప్పండి” అంది మేడం.

“చెబుతానండీ. నూట తొమ్మిది పాయింట్ మూడు.”

మేడం పెన్ను అందుకుని, కాగితం అంచున ఆ అంకె రాసింది. అక్కకి ఇక్కడి ముఖాలు కనబడవు కదా, ఆమె తన ధోరణిలో చెప్పుకుపోతోంది.

“బాగా గుర్తుందండీ. ఒకసారి కాదు, మూడు కాగితాల మీద మూడుసార్లు కట్టారు. మూడుసార్లూ అదే వచ్చింది, కిందన గీత కూడా గీశారు. చిట్టి పుస్తకంలో దానికంటే తొమ్మిది ఎక్కువ కనబడేసరికి, పోనీ సాయంగా ఉంటుందని చెప్పాను. ఆయన తప్పేమీ లేదండీ. నన్నేమన్నా అనండి. హలో? చిట్టీ, ఉన్నావా?”

గడియారంలో అయిదూ ముప్పై నాలుగు. నూట తొమ్మిదికి, నూట ముప్పై రెండుకి మధ్య, పీట నేల తాకే వేళలో ఒకటిన్నర నిమిషాల తేడా. ఆ రెండింటిలో ఏది నమ్మి మేకు వేసినా రెండోది నిజమైతే పీట ఉండదు. మూడుసార్లు కట్టి గీత గీసిన అంకెని బావ ఇందాక ఎందుకు నోట్లోనే నొక్కేశాడో, కళ్లు తన కాగితం మీద నుంచి ఎత్తకుండా నూట ముప్పై రెండని ఎందుకన్నాడో చిట్టికి ఇప్పుడు తెలిసింది. వద్దని ఆయన తల ఆడించింది అక్క కోసం కాదు.

ఆమె గోడ వైపు తిరిగింది.

“మళ్లీనా బావా?”